ఫలక్‌నుమా: కట్టినాయనకు దక్కని ఇల్లు

అనంతపురం నుంచి మాట్లాడుతున్నా.

కొత్త సినిమా రిలీజైతే "సీడెడ్‌లో ఎంత వచ్చింది?" అని ఫోన్లో చూస్తాం కదా. సీడెడ్ అంటే అప్పగించిన నేల అని. 1800లో హైదరాబాద్ నిజాం అలీఖాన్, తన దగ్గరున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద అనంతపురం, బళ్లారి, కడప ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. మనోళ్లను ఒక్క మాట అడిగిందీ లేదు.

ఇది ఎందుకు గుర్తు చేస్తున్నానంటే, ఈరోజు చెప్పేది కూడా ఖర్చు మోయలేక చేతులు మారిన ఆస్తి గురించే. హైదరాబాద్‌లోని ఫలక్‌నుమా ప్యాలెస్.

అనంతపురం బళ్లారి నుంచి విడిపోయి సొంతంగా జిల్లా అయింది 1882లో. ధాత కరువు పోయి నాలుగేళ్లే, ఊళ్లు ఇంకా తేరుకోలేదు. అక్కడ 1884 మార్చి 3న, చార్మినార్‌కు ఐదు కిలోమీటర్ల దూరంలో, కొండ మీద ఈ ఇంటికి పునాది రాయి వేశారు.

అవును, ఇల్లే. కట్టించింది నిజాం కాదు. పైగా వంశం నవాబు వికార్ ఉల్ ఉమ్రా, తను ఉండటానికి కట్టించుకున్నాడు. తర్వాత హైదరాబాద్‌కు ప్రధానమంత్రి కూడా అయ్యాడు. అది విక్టోరియా రాణి కాలం, పెద్దింటివాళ్లకు యూరప్ మోజు. ఇటాలియన్ మార్బుల్, పెద్ద పెద్ద షాండ్లియర్లు, నూటొక్క మంది ఒకేసారి కూర్చుని తినే భోజనాల బల్ల. పైనుంచి చూస్తే తేలు ఆకారం. పూర్తవడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

ఇల్లు కట్టి చూడు అని మనోళ్లు ఊరికే అన్నారా? అంతటి నవాబూ అప్పుల్లో పడ్డాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అక్కడికి వచ్చి బస చేశాడు, ఆయనకు తెగ నచ్చేసింది. 1897 ప్రాంతంలో ప్యాలెస్ నిజాం చేతికి వెళ్లింది. ప్రభువుకు నచ్చింది కాబట్టి సమర్పించుకున్నాడని గొప్పగా చెప్తారు. నాకైతే పరువు పోకుండా అప్పు తీర్చుకున్న తెలివే కనిపిస్తుంది.

విచిత్రం చూడండి. అదే 1884లో న్యూయార్క్‌లో చెల్సీ అనే పెద్ద అపార్ట్‌మెంట్ భవనం తెరిచారు. దానికీ డబ్బు తిప్పలే. 1905లో హోటల్‌గా మారిపోయింది.

ఫలక్‌నుమాకు మాత్రం ఇంకో వందేళ్లు పట్టింది. నిజాంల అతిథి గృహంగా ఉంది, 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేశారు. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లు తలుపులు మూసే ఉన్నాయి. చివరికి తాజ్ గ్రూప్ లీజుకు తీసుకుని, ఏళ్ల తరబడి బాగుచేసి, 2010 నవంబర్‌లో హోటల్‌గా తెరిచింది. 2017లో మోదీ, ఇవాంకా ట్రంప్ విందు వీడియోలు చూశారు కదా, అక్కడిదే.

"మన చరిత్రను అమ్ముకున్నారు" అని కొందరు కామెంట్ పెడతారు. నేను ఒప్పుకోను. హోటల్ కాకపోయుంటే ఆ పైకప్పులు ఈపాటికి కురిసేవి. కానీ ఒక్కటి మాత్రం గుచ్చుకుంటుంది. నేను అక్కడికి వెళ్లినప్పుడు గేటు దాకానే వెళ్లగలిగా. ఒక్క రాత్రి రూమ్ అద్దె చూస్తే, మా ఊళ్లో శనక్కాయ పంట మీద ఒక రైతుకు మిగిలే డబ్బు గుర్తొచ్చింది. ఫోన్ జేబులో పెట్టుకుని బస్సెక్కేశా.

ఫలక్ అంటే ఆకాశం. మన పెనుకొండలోనూ ఒక ఆకాశం ఉంది, గగన్ మహల్. వచ్చే ఎపిసోడ్ అక్కడి నుంచే. దాన్ని చూడ్డానికి రూమ్ బుక్ చేయక్కర్లేదు.