సర్ఖతు మొదలు సెల్లుఫోను వఱకు – మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతపు ద్రవ్యవ్యవహారములు

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు పూర్వచరిత్రను గూర్చి యేదైన వ్రాయుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. బిరుదావళులు, వంశవృక్షములు వెనుకటి సంచికలలో విస్తారముగా వెలువడినవి. మనవారు అప్పు తెచ్చుట, పైకము పంపుట, చెల్లు వ్రాయించుకొనుట యెట్లు జరిపిరో యెవరును వ్రాసినట్లు కానరాదు. కావున నీ విషయమును గైకొంటిమి.

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున లేఖ్యప్రకరణ మొకటి కలదు. అప్పుగొన్నవాడు సొమ్ము చెల్లించినప్పుడెల్ల పత్రము వెనుక నా సంగతి వ్రాయవలెననియు, ఋణము తీఱిన పిమ్మట పత్రమును చింపివేయవలెననియు నందు విధింపబడినది. కౌటిలీయార్థశాస్త్రమందలి ‘ఆదేశ’ శబ్దమును బట్టి నేటి చెక్కు మౌర్యులనాటిదే యని కొందఱు చెప్పుదురు. అది దూరాన్వయమని మా యభిప్రాయము. హుండి మాత్రము నిస్సందేహముగా స్వదేశీయము. బేగంబజారు, కార్వాను సాహుకారులు వ్రాసియిచ్చిన కాగితము దూరదేశపు కొఠీలో రూపాయలగుచుండెను. చూపినంతనే చెల్లునది దర్శనీ హుండి, గడువుపై చెల్లునది ముద్దతీ హుండి. ప్రతి హుండికిని వెండి బండ్లపై పోవలసిన పనిలేదు. కొఠీలవారు తమలో తాము లెక్కలు సరిచూచుకొని, మిగిలిన వ్యత్యాసమును మాత్రమే యిచ్చిపుచ్చుకొనెడివారు. పాఠకమహాశయు లీ మాటను జ్ఞాపకముంచుకొన వేడుచున్నాము.

మన ప్రాంతమున మఱియొక చిక్కుండెను. నిజాము ప్రభుత్వమునకు శిస్తు హాలీ సిక్కాలో చెల్లింపవలెను. బొల్లారము, సికింద్రాబాదు దండు బజారులలో నాంగ్లేయుల కల్దారు చెల్లుచుండెను. నూఱు కల్దారులకు హాలీ 116 రూపాయల 10 అణాల 8 పైలు. మేడ్చలు నుండి దండునకు పాలో కూరగాయలో కొనిపోయిన రైతు ఈ లెక్క నోటితో వేయజాలక, మార్చువానికి వట్టమిచ్చుకొని వచ్చెడివాడు. 1918లో హైదరాబాదు కాగితపు నోట్లును, 1941లో హైదరాబాదు స్టేటు బ్యాంకును వచ్చినవి. హాలీ 1959లో పూర్తిగా రద్దయ్యెను. ఆ బ్యాంకు 2017లో భారతీయ స్టేటు బ్యాంకులో లీనమయ్యెను.

నోట్లు వచ్చినను, బ్యాంకు వచ్చినను, గ్రామమున సర్ఖతుదే రాజ్యము. చదువురాని మన తాతలు సాహుకారు వ్రాసిన కాగితముపై వ్రేలిముద్ర వేసిరి. చెల్లించిన సొమ్ము స్మృతికారుడు చెప్పినట్లు పత్రము వెనుకకు ఎక్కినదో లేదో వారెఱుగరు. ఎఱుగని చోట ఎక్కనేలేదు. 1349 ఫసలీలో లైసెన్సు లేనిదే వడ్డీవ్యాపారము చేయరాదని చట్టము వచ్చినను, అక్షరము రానివానికి చట్టమేమి చేయగలదు?

ఇక యంత్రయుగము. ఇందు మన హైదరాబాదునకు గల భాగము మనవారిలో పెక్కుమందికి తెలియదు. 1996లో రిజర్వు బ్యాంకువారు మాసబ్ ట్యాంకు చెంత బ్యాంకింగు సాంకేతిక పరిశోధనసంస్థను స్థాపించిరి. దేశమందలి బ్యాంకులను తంతులతోను, ఉపగ్రహముతోను కలిపిన ఇన్ఫినెట్ అను వల 1999లో నిచ్చటనుండియే నడచెను. ఒక బ్యాంకు కార్డుతో వేఱొక బ్యాంకు ఏటీఎమ్మునుండి సొమ్ము తీసికొను వీలు కల్పించిన జాతీయ స్విచ్చు 2004లో నీ సంస్థవారి చేతిమీదుగా వెలసినదే. తరువాత అది 2008లో నేర్పడిన జాతీయ చెల్లింపుల సంస్థకు అప్పగింపబడెను. ఆ సంస్థయే 2016 ఏప్రిలు 11న యూపీఐని వెలువరించెను. అదే సంవత్సరము అక్టోబరు 11న మేడ్చలు జిల్లా యేర్పడెను. నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యెను. కొత్త జిల్లా ప్రజల మొదటి యనుభవము బ్యాంకుల ముందఱి బారులే యనవచ్చును.

శామీర్‌పేట చెఱువుకట్ట చెంత మొక్కజొన్నకంకులు కాల్చునామె బండికి కట్టిన చదరపు గుఱుతుల బొమ్మను ఫోనుతో చూపినప్పుడు జరుగునదేమి? ఆ బొమ్మలో నామె ఖాతా చిరునామా మాత్రమే యుండును. కొనువాడు రహస్యసంఖ్య నొత్తగనే ఆజ్ఞ జాతీయ సంస్థ స్విచ్చునకు పోవును. అది కొనువాని బ్యాంకును ఖర్చు వ్రాయుమనును, అమ్మినామె బ్యాంకును జమ వ్రాయుమనును. క్షణములో నిరువురకు వార్త వచ్చును. నోటు ఒకటియు కదలలేదు. బ్యాంకులు తమ పరస్పర బాకీల వ్యత్యాసమును రిజర్వు బ్యాంకునొద్ద దినమునకు పలుమాఱులు సరిచేసికొనును. బేగంబజారు కొఠీలవారి పద్ధతియు నిదియే గదా! 2023 ఆగస్టు మాసమున నిట్టి చెల్లింపులు వేయికోట్లు దాటినవి. ఇందొక సూక్ష్మము కలదు: సొమ్ము పుచ్చుకొనుటకు రహస్యసంఖ్య యక్కఱలేదు. ‘మీకు డబ్బు పంపుచున్నాము, సంఖ్య నొత్తుడు’ అనువాడు దొంగ.

యూపీఐ నడుపునది బ్యాంకు మనకు పడియున్న బాకీనే. 2022 డిసెంబరు 1న నారంభమై, తరువాతి విడతలో హైదరాబాదునకును విస్తరింప నుద్దేశింపబడిన ‘ఈ-రూపాయి’ రిజర్వు బ్యాంకు స్వయముగా బాధ్యతవహించు నాణెము. హుండికిని సిక్కాకును గల భేదమే వీనికిని.

ఇంతవఱకు సంతోషమే. మా మనస్సును కలచునది వ్రేలిముద్ర. ఆధారు ననుసరించి వ్రేలుపెట్టి సొమ్ము తీసికొను పద్ధతి ఫోనులేని వృద్ధులకు నిజముగా నుపకారమే. శామీర్‌పేట మండలములోని యొక గ్రామమున మే మెఱిగిన వృద్ధురాలు పింఛను తీసికొనబోగా, యంత్రమువాడు ‘ముద్ర పడలేదవ్వా, మళ్లీ పెట్టు’ మనెను. ఆమె రెండవమాఱు పెట్టెను. పాసుబుక్కులో రెండు పద్దులు పడినవి, చేతికి ఒకటే వచ్చినది. ‘అయ్యా, అప్పుడు మా నాయినను గూడ గిట్లనే ముంచిండ్రు’ అని యామె యనిన మాటకు మా యొద్ద సమాధానము లేకపోయెను. రిజిస్ట్రేషను దస్తావేజులపై నున్న ముద్రలనే రబ్బరున దింపి యితరుల ఖాతాలు దోచిన నేరములును పోలీసుల వలన బయటపడినవి. భూములమ్మిన మన మండలములవారి ముద్రలెన్ని దస్తావేజులపై నున్నవో యోచింపవలసియున్నది.

పూర్వమువలె నిప్పుడు దిక్కులేనితనము లేదు. పాసుబుక్కు పత్రపు వెనుకవంటిది. నెలనెల దానిలో పద్దులెక్కించి చదివించుకొనవలెను. మోసము జరిగిన వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము ఖాతానుండి ఖాతాకు పోవును. ఆధారు సంస్థవారు వ్రేలిముద్రలకు తాళము వేసికొను సౌకర్యము కల్పించిరి; పింఛను దినమున దానిని తాత్కాలికముగా తెఱచుకొనవచ్చును.

మన సంఘ యువకులలో బ్యాంకులలోను, కంప్యూటరు కొలువులలోను నున్నవారు పలువురు. వసతిగృహ నిధికి వారు పంపు చందాలిప్పుడు ఫోనుమీదనే వచ్చుచున్నవి. మహాసభ రెండవనాటి మధ్యాహ్నము భోజనానంతరము వారిలో నలుగురు బల్లవేసికొని కూర్చుండి, పెద్దల పాసుబుక్కులు చదివిపెట్టి, కోరినవారికి ముద్రల తాళము వేసిపెట్టవలెనని కార్యవర్గమునకు ప్రార్థన. వచ్చువారు పాసుబుక్కును, ఆధారు కార్డును, దానికి జోడింపబడిన సంఖ్యగల ఫోనును వెంట తెచ్చుకొనవలెను. రహస్యసంఖ్యను మాత్రము ఆ నలుగురికిని చెప్పరాదు.