అతుకుల బొంత ఎందుకు చిరగలేదు

ఫైళ్లను భద్రపరచడానికి చిన్న చిన్న కమాండ్లను వరసగా తగిలించే పద్ధతిని అతుకుల బొంత అని వెక్కిరించేవారున్నారు. మాట నిజమే, నింద మాత్రం చెల్లదు. తోటకు నీళ్లు పెట్టే గొట్టాల్లా ప్రోగ్రాములను బిగించుకోగలగాలని 1964లోనే బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెకిల్‌రాయ్ రాశాడు. 1973లో కెన్ థామ్సన్ యూనిక్స్‌లో, ఒక ప్రోగ్రాము ఫలితాన్ని మరోదానికి అందించే పైపును చేర్చేదాకా అది కోరికగానే మిగిలింది. 1979 నాటి యూనిక్స్ ఏడో ఎడిషన్‌తో టార్ వచ్చింది. ఫైళ్లను 512 బైట్ల దిమ్మెలుగా పేర్చి టేపుకెక్కించడమే దాని పని. కుదించడం రాదు, తాళం (ఎన్‌క్రిప్షన్) వేయడం అసలే రాదు. ఆ చేతకానితనమే దాన్ని బతికించిందని నా వాదన. కుదింపు పని చేసే కంప్రెస్‌కు పేటెంట్ చిక్కు వచ్చిపడితే, 1992లో జాన్-లూ గాయీ, మార్క్ ఆడ్లర్ జీజిప్ తెచ్చారు. బొంతలో ఒక్క ముక్క మారింది, టార్ మూట అలాగే ఉంది. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డులు దొంగల పాలయ్యాక 1995లో తతు యులొనెన్ ఎస్ఎస్‌హెచ్ రాశాడు. మూట వెళ్లే దారి భద్రమైంది. 1999లో జీపీజీ 1.0 తాళం ఇచ్చింది. వరస మాత్రం తప్పకూడదు: ముందు కుదింపు, ఆ తర్వాతే తాళం. తాళం పడ్డ డేటాలో కుదించడానికి ఏమీ మిగలదు.

అతుకు దగ్గరే కదా తెగేది అంటారు. బలమైన ఆక్షేపణే. కమాండ్లను నడిపే షెల్ మామూలుగా చివరి కమాండ్ ఫలితాన్నే చూస్తుంది; మొదట్లో టార్ చతికిలబడినా చివర జీజిప్ సరే అంటే సగం మూట నిండు మూటగా చెలామణీ అవుతుంది. దీనికి విరుగుడైన పైప్‌ఫెయిల్ అనే సెట్టింగ్ 2004లో బాష్ షెల్ 3.0లోకి వచ్చింది, యూనిక్స్ తరహా వ్యవస్థల పోసిక్స్ ప్రమాణంలోకి రావడానికి 2024 దాకా పట్టింది. ఈ ఆలస్యాన్ని నేను సమర్థించను. అయితే అతుకు లేనిచోట కూడా బ్యాకప్‌లు మౌనంగానే చస్తాయి. 2017 జనవరి 31న, కోడ్ దాచే సేవ గిట్‌ల్యాబ్ ప్రధాన డేటాబేస్ పొరపాటున చెరిగిపోయాక చూస్తే, వెర్షన్ల పొంతన కుదరక బ్యాకప్ విఫలమవుతూ వస్తోందని, ఆ హెచ్చరిక మెయిళ్లు చేరనే లేదని తేలింది. మూటను అప్పుడప్పుడూ విప్పి చూసుకోనివారికి ఏ పనిముట్టుతోనైనా అదే గతి.

రోజూ మొత్తం మూట కట్టడం దండగన్న మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. 1996 నాటి ఆర్‌సింక్ మారిన భాగాలనే పంపుతుంది గానీ, తాళం వేసిన మూటలో ఒక్క అక్షరం మారినా మూటంతా కొత్తదే. అందుకే 2015 నాటి బోర్గ్ లాంటి బ్యాకప్ ప్రోగ్రాములు ముక్కలు చేయడం, కుదించడం, తాళం వేయడం ఒకే చేతి కిందికి తెచ్చాయి. నిత్యం మారే పెద్ద నిల్వలకు అవే మేలు. దశాబ్దాలు దాచాల్సిన వాటికి నా ఓటు టార్‌కే; దాన్ని విప్పగల ప్రోగ్రాములు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. అన్నట్టు, పైపులోంచి వచ్చే ప్రవాహాన్ని బోర్గ్ కూడా అందుకుంటుంది.