మంగలి కత్తి పదును: తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతం

మంగలి కత్తి అంటే వీపు మందంగా, అంచు పలచగా ఉండి పిడిలోకి మడిచిపెట్టుకునే క్షౌరపు కత్తి. దాన్ని రాతిమీద నూరి, తోలుమీద సాపు చేసి, పదును ఎంతవరకు వచ్చిందో వేలితో, గోటితో, వెంట్రుకతో చూసుకోవడం క్షురక వృత్తిలో మొదట నేర్చుకునే పని. తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లాలో, ముఖ్యంగా తిరుత్తణి కొండ దగ్గర, తలనీలాల మొక్కు వల్ల ఈ విద్య అవసరం మామూలు ఊళ్ళకంటే ఎక్కువ. ఊళ్ళో గడ్డాలు గీసే కత్తికి మధ్యలో విశ్రాంతి ఉంటుంది. కొండ మీద మొక్కుబడుల రోజున కత్తి ఒక తల తర్వాత ఒక తల గొరుగుతూనే ఉండాలి. ఆ తలల్లో ఏడాది నిండని పసివాళ్ళవీ ఉంటాయి.

నేపథ్యం

ఈ జిల్లాలో పదునైన అంచు చరిత్ర ఇనుముకంటే చాలా పాతది. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ కొర్తలయార్ నది పరీవాహకంలోని అత్తిరంపాక్కంలో రాతి పనిముట్లు గుర్తించారు. అక్కడి చేగొడ్డళ్ళు దాదాపు 15 లక్షల ఏళ్ళ నాటివని 2011లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. నదిలో దొరికే గట్టి గులకరాళ్ళను పెచ్చులుగా కొట్టి అంచు తెచ్చుకున్నారు. రాయి ఎటు చీలుతుందో, అంచు ఎక్కడ నిలుస్తుందో చేతికి తెలియాల్సిన పని అది.

తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి ఆలయం మురుగన్ ఆరు పడైవీడుల్లో, అంటే ఆరు ముఖ్య క్షేత్రాల్లో, ఒకటి. కొండకు 365 మెట్లు. ఆడి కృత్తిక పండుగకు కావళ్ళతో వచ్చే భక్తుల్లో తమిళులెందరో, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి వచ్చే తెలుగువాళ్ళూ ఎందరో ఉంటారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులో చేరింది. ఆంధ్ర, మద్రాసు సరిహద్దు తగవులో మధ్యవర్తి అయిన పటాస్కర్ సిఫార్సుల మేరకు సరిహద్దులు మారి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడ్డాక దాని కిందికి వచ్చింది. పాలన ఎటు మారినా యాత్ర దారి మారలేదు. మద్రాసు నుంచి తిరుపతికి పోయే రోడ్డు తిరువళ్ళూరు, తిరుత్తణి మీదుగానే సాగుతుంది. అందుకే కొన్ని ఇళ్ళలో పుట్టువెంట్రుకలు తిరుమలలో ఇస్తే, కొన్ని ఇళ్ళలో తిరుత్తణిలో ఇస్తారు. ఒకే ఇంట్లో ఒక బిడ్డవి అక్కడా, ఇంకో బిడ్డవి ఇక్కడా ఇచ్చినవాళ్ళూ ఉంటారు.

కత్తి అంచు మీద నడవడం ఎంత కష్టమో ఆత్మజ్ఞానపు దారి అంత కష్టమని చెప్పే కఠోపనిషత్తును 1953లో వెలువడిన తన ప్రధాన ఉపనిషత్తుల సంపుటిలో ఇంగ్లీషులోకి తెచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుత్తణిలోనే 1888లో పుట్టారు. ఆ ఉపనిషత్తు పేర్కొన్న కత్తి క్షురమే. ఇంగ్లీషు రచయిత సోమర్సెట్ మామ్ 1944 నాటి తన నవలకు పేరు అక్కడి నుంచే తీసుకున్నాడు.

గ్రంథాల్లో పదును

పదునుకు కొలత పెట్టిన పాత గ్రంథాల్లో ఆయుర్వేద గ్రంథమైన సుశ్రుత సంహితది పెద్దపీట. సూత్రస్థానం ఎనిమిదో అధ్యాయం పూర్తిగా శస్త్రాల గురించే. చీల్చే పనిముట్టు అంచు మసూరపప్పు మందం ఉండాలి, గీకే పనిముట్టుకు అందులో సగం. గుచ్చడానికీ రక్తం తీయడానికీ వెంట్రుక మందం, కోయడానికి వెంట్రుకలో సగం. నూరడానికి మినుముల రంగులో ఉండే నున్నటి రాయి, అంచు నిలబెట్టడానికి బూరుగు చెక్క పలక కావాలి. వెంట్రుకను తెంచగలిగినప్పుడే ఆ శస్త్రాన్ని వాడాలని నియమం. అలుగును కాల్చి ముంచే ద్రవాన్ని కూడా పనిని బట్టి క్షారం, నీరు, నూనె అని మూడుగా చెప్పింది.

ఇందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది రాయినీ పలకనూ విడదీసి చెప్పడం. రాయి అంచును పుట్టిస్తుంది, పలక దాన్ని నిలబెడుతుంది. ఈ రెండూ వేర్వేరు పనులని తెలిసినవాడే క్షురకుడు అవుతాడు. పలక చేసే పనిని తర్వాత తోలు చేసింది, అంతే తేడా.

వైద్యుడి చేయీ క్షురకుడి చేయీ ఒకటిగా ఉండటం దక్షిణాది పల్లెల్లో 20వ శతాబ్దం తొలినాళ్ళ దాకా సాగింది. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా ప్రచురించిన కులాల గ్రంథంలో దీన్ని రాశాడు. క్షురకులు పుండ్లు కోసి మందు వేసేవారు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు మంత్రసానులు. సన్నాయి మేళం కూడా చాలాచోట్ల వాళ్ళదే. ఇన్ని విద్యలున్న కుటుంబాలను ఊరి చివర నిలబెట్టి చిన్నచూపు చూడటం మన సమాజం చేసిన అన్యాయం. తెలుగునాట నాయీ బ్రాహ్మణులుగా ఇప్పుడు వాళ్ళు తమ గౌరవాన్ని తామే తిరిగి నిలబెట్టుకుంటున్నారు.

పుట్టువెంట్రుకలు తీసే చౌల సంస్కారానికి గృహ్యసూత్రాలు వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిపి బిడ్డ తల తడపమంటాయి. కత్తిని ఉద్దేశించి, బిడ్డను హింసించవద్దని వేడుకునే మంత్రమూ ఉంది. నీళ్ళ సంగతి ఆచారం మాత్రమే కాదు. తడిసిన వెంట్రుక ఉబ్బి మెత్తబడుతుంది, పొడి వెంట్రుకకంటే చాలా తేలిగ్గా తెగుతుంది. మొక్కుబడి చోట గొరిగే ముందు తల మీద నీళ్ళు పోసి బాగా రుద్దడం ఇందుకే.

ఉక్కు

పదును ఎంతసేపు నిలుస్తుందో ఉక్కే నిర్ణయిస్తుంది. తెలంగాణలోని కోనసముద్రం, తమిళదేశంలోని సేలం వంటి చోట్ల మూసలో కరిగించి తీసిన ఉక్కుకు దేశాంతరాల్లో గిరాకీ ఉండేది. ఇంగ్లీషులో వుట్జ్ అని పిలిచిన ఈ ఉక్కు ముక్కలు 1790ల్లో లండన్ రాయల్ సొసైటీకి చేరాయి. 1795లో జార్జ్ పియర్సన్ వాటిమీద వ్యాసం చదివాడు. లండన్ స్ట్రాండ్ వీధిలో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్, ఏళ్ళ తరబడి పోల్చి చూశాక యూరప్‌లోని మేలైన ఉక్కుకంటే హిందూదేశపు ఉక్కే తనకు నచ్చిందని, శస్త్రాలూ క్షౌరపు కత్తులూ దానితోనే చేస్తున్నానని తన దుకాణం కార్డు మీదే వేయించాడు. అతనితో కలిసి మైకేల్ ఫారడే 1820లో ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలు ప్రచురించాడు.

ఆ గిరాకీ మన కొలుములకు నిలవలేదు. అంతకుముందే, 1740ల ప్రాంతంలో, బెంజమిన్ హంట్స్‌మన్ మూస ఉక్కు పద్ధతి షెఫీల్డ్‌లో స్థిరపడింది. 19వ శతాబ్దంలో షెఫీల్డ్, జర్మనీలోని జోలింగన్ కత్తులు మద్రాసు రేవులో దిగాయి. రెండు పక్కలా లోపలికి గుంటగా అరగదీసిన ఆ అలుగులు తేలిక, నూరడం సులువు. మన పల్లెల్లో కమ్మరి సాగగొట్టిన దళసరి కత్తులు వాటి పక్కన ఇంకొంతకాలం బతికాయి.

నూరడం, పరీక్ష

రాయిని నీళ్ళతో తడిపి కత్తిని దానిమీద బల్లపరుపుగా పడుకోబెడతారు. వీపూ అంచూ రెండూ రాయిని తాకుతూ ఉండాలి. కాబట్టి కోణం కోసం చేయి వెతుక్కోనక్కర్లేదు, వీపు మందమే దాన్ని ఖాయం చేస్తుంది. రెండు పక్కలా కలిపి సుమారు 16, 17 డిగ్రీలు వస్తుంది. అంచు ముందుండేలా తోసి, చివరికి చేరాక వీపు మీదుగా తిప్పి, రెండో పక్కను వెనక్కి లాగుతారు. అలుగు రాయి వెడల్పుకంటే పొడవైతే మడమ నుంచి కొన దాకా ఏటవాలుగా జరపాలి. అలుగు బరువు చాలు, చేతి బరువు వేయకూడదు. రాయి మీద బూడిదరంగు ముద్ద కూడుతుంది, గరగరమనే శబ్దం క్రమంగా మెత్తబడుతుంది. అనుభవజ్ఞుడు కంటికంటే ముందు చెవితోనే ఆ మార్పు పట్టుకుంటాడు.

ఎక్కువ నూరినా చెడే. అంచు చివర ఇనుము పలచని పొరగా సాగి ఒక పక్కకు వాలుతుంది. వేలికి అది పదునులాగే తగులుతుంది, కొత్తవాళ్ళు మోసపోయేది ఇక్కడే. తలమీద పెట్టగానే ఆ పొర విరిగి కత్తి లాగుతుంది, చర్మం మండుతుంది. ఆ పొరను సరిచేసేది తోలు పట్టీ. తోలు మీద దిశ తిరగబడుతుంది, వీపు ముందుండాలి, అంచు వెనక రావాలి. మరిచిపోయి తిప్పితే తోలు తెగుతుంది, అంచూ పోతుంది. పట్టీ అందుబాటులో లేనప్పుడు అరచేతి మీదే నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి పనిలోకి దిగేవారు.

పరీక్షల్లో నమ్మదగినది బొటనవేలు. తడి వేలి మెత్తదనాన్ని అంచుకు అడ్డంగా, తాకీ తాకనట్టు పెడతారు. అంచు వెంట పొడవునా ఎన్నడూ జరపరు. మొద్దుబారిన అంచు వేలికింద జారిపోతుంది, పదునైనది వేలి గీతలను పట్టుకుంటుంది. ఆ పట్టు అలుగు పొడవునా ఒకేలా ఉండాలి. గోటి పరీక్ష నూరే మధ్యలో చేసేది: తడి గోటి మీద అంచును బరువు లేకుండా లాగితే పళ్ళు పడిన చోట టక్కుమని తెలుస్తుంది. గోరు అంచును కొంచెం మందగిస్తుంది కాబట్టి తుది మెరుగు పెట్టాక దాన్ని చేయకూడదు. వెలుతురుకు ఎదురుగా అంచు పట్టి చూస్తే మొద్దు చోట సన్నని తెల్ల గీత మెరుస్తుంది. మంచి అంచు మందం మైక్రాన్‌లో సగంకంటే తక్కువ కాబట్టి వెలుతురును తిప్పికొట్టేంత చోటు దానికి ఉండదు.

వేలాడే వెంట్రుకను అంచుతో తాకించి తెంపడం చూసేవాళ్ళకు గొప్పగా ఉంటుంది, సుశ్రుతుడి నియమానికీ దగ్గరగా ఉంటుంది. కానీ వెంట్రుకలన్నీ ఒకటి కావు. వాటి మందం 50 నుంచి 100 మైక్రాన్ల దాకా మారుతుంది. వేళ్ళకు దగ్గరగా తాకిస్తే త్వరగా తెగుతుంది, దూరంగా అయితే వంగిపోతుంది. ఒకే మనిషి వెంట్రుకతో, ఒకే దూరంలో చూసినప్పుడే ఆ పరీక్షకు అర్థం.

ఉక్కుకంటే 50 రెట్లు మెత్తనైన వెంట్రుక అంచును ఎలా పాడు చేస్తుందన్న ప్రశ్నకు 2020 ఆగస్టులో 'సైన్స్'లో ఎంఐటీ పరిశోధకులు జవాబు చెప్పారు. వెంట్రుక అంచుకు నిలువుగా కాక వాలుగా తగిలినప్పుడు, ఉక్కు లోపలి నిర్మాణం ఒకేలా లేని చోట సన్నని పెచ్చులు ఊడతాయి. మొద్దుబారడమంటే అరిగి గుండ్రబడటం ఒక్కటే కాదు, ఇలా పెచ్చులు రేగడం కూడానన్నమాట. తలమీద సుడి చుట్టూ వెంట్రుకలు అన్ని దిక్కులకూ వాలి ఉంటాయి కదా. కేశఖండనం కత్తికి ఎందుకంత కఠినమైన పనో, పెచ్చులూడిన అంచుకు తోలు ఒక్కటే చాలక మళ్ళీ రాయి ఎందుకు అవసరమయ్యేదో దీన్ని బట్టి అర్థమవుతుంది.

బ్లేడు వచ్చాక

కింగ్ క్యాంప్ జిలెట్ తన పారేసే బ్లేడు రేజరును 1903లో అమ్మకానికి పెట్టాడు. ఆ ఏడు అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడులు. ఇళ్ళలోకి బ్లేడు వచ్చినా మంగలి దుకాణంలో, మొక్కుబడి చోట కత్తి ఇంకా చాలాకాలం నిలిచింది. దాన్ని పక్కకు నెట్టింది ఆరోగ్య భయం. దేశంలో మొదటి హెచ్‌ఐవీ కేసులు 1986లో చెన్నైలోనే బయటపడ్డాయి. ఆ తర్వాత క్షౌరశాలలో కొత్త బ్లేడు అడగమన్న ప్రచారం పల్లెల దాకా చేరింది. కత్తి ఆకారంలోనే ఉన్న మడత పిడిలో బ్లేడును రెండుగా విరిచి సగం దూర్చి గొరగడం అప్పటి నుంచి వాడుక అయింది. ఒక తల రక్తం ఇంకో తలకు అంటకుండా చూడటంలో ఈ మార్పు మంచిదే, వెనక్కి పోవాలని ఎవరూ కోరరు.

ఈ మార్పుతో నూరే పని పోయింది, పదును చూసే పని ఫ్యాక్టరీకి వెళ్ళింది. కోణం పట్టే పని మాత్రం చేతిలోనే ఉంది. సగం బ్లేడుకు ఆనుకోవడానికి మందమైన వీపు లేదు, పొరపాటును క్షమించే బరువూ లేదు. పసిబిడ్డ తల మీద మాడు ఇంకా కూడని చోట చర్మం కింద ఎముక ఉండదు. అక్కడ బ్లేడును దాదాపు చర్మానికి సమాంతరంగా వాల్చి, రెండో చేత్తో చర్మం సాగదీసి, చిన్న చిన్నగా లాగుతూ గొరుగుతారు. బిడ్డ ఏడ్చి తల తిప్పిన క్షణంలో చేయి పైకి లేవాలి.

గొరిగే పనికి చెల్లింపు పద్ధతి కూడా మారింది. తమిళనాడు దేవాదాయ శాఖ ఆలయాల్లో 2021 సెప్టెంబరు నుంచి కేశఖండనానికి రుసుము తీసేశారు. అప్పటిదాకా టికెట్టు డబ్బులో వాటా మీద బతికిన కార్మికులకు నెలకు 5,000 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించారు.