అభ్యంగనం

పండగనాటి తలంటుకు పంచాంగంలో పేరు అభ్యంగన స్నానం. సంస్కృతంలో ‘అంజ్’ అంటే పూయడం. కాటుకకు ‘అంజనం’ అన్న పేరూ ఆ ధాతువు నుంచే వచ్చింది. ముందు ‘అభి’ చేరి అభ్యంగం, అభ్యంజనం అయ్యాయి. మన వాడుకలో మాట స్నానం వైపు జరిగింది గానీ ఆయుర్వేదానికి ముఖ్యం నూనె మర్దనే. వాగ్భటుడు అష్టాంగహృదయంలో దాన్ని దినచర్యలో చేర్చాడు: రోజూ చేసుకోవాలి, తలకూ చెవులకూ పాదాలకూ మరీ శ్రద్ధగా. అలసట, వాతం తగ్గుతాయనీ, నిద్ర బాగా పడుతుందనీ అన్నాడు. అజీర్ణం ఉన్నప్పుడు, కఫం పెరిగినప్పుడు వద్దనీ చెప్పాడు. మసాజ్ కేంద్రాల బోర్డుల మీద ఈ హెచ్చరిక కూడా ఉండాలి. ఇంట్లో అయితే నువ్వుల నూనె గిన్నెను వేణ్ణీళ్లలో ఉంచి గోరువెచ్చన చేస్తే చాలు. ఆనక ఒంటికి సున్నిపిండి నలుగు, తలకు కుంకుడు రసం.