బట్టలుతికిన చేతులు నేర్పిన వ్యాపారం



మన వార్షిక నివేదికలో ప్రతి ఏడూ పొదుపు ఎంత, లోన్లు ఎంత, రికవరీ ఎంత అని రాసుకుంటాం. ఆ లోనుతో సభ్యురాలు పెట్టిన పని నిలబడిందా లేదా అన్నది మాత్రం ఆ పట్టికల్లో కనపడదు. ఈమధ్య మన సంఘాల్లో చాలామంది ఇంట్లోనే బ్యూటీ పార్లర్ పెట్టుకుంటున్నారు. ముందు గదిలో ఒక అద్దం, ఒక కుర్చీ, ఐబ్రోస్ దారం, ఫేషియల్ సామాను. పెట్టిన కొత్తలో వీధివీధంతా వస్తారు. కొన్నాళ్ళు పోయాక వచ్చేవాళ్ళు తగ్గిపోతారు. కిస్తీ మాత్రం నెలనెలా తప్పకుండా వస్తుంది.

ఈ కష్టం మనతో మొదలైంది కాదు. వందేళ్ళ కిందట, మనకన్నా ఎక్కువ లేమిలో ఉన్న ఆడవాళ్ళు ఇదే పని ఇంటింటికీ తిరిగి చేసి నిలబడ్డారు. వాళ్ళ చరిత్ర చదివాక నాకు తెలిసింది ఒక్క మాట. ఈ పనిలో మొదటిసారి వచ్చిన మనిషి వల్ల బతకలేం, మళ్ళీ వచ్చిన మనిషి వల్లే బతుకుతాం. అది ఎట్లాగో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

పార్లర్ లేని రోజులు

మన ఊళ్ళలో అందం పని ఎప్పుడూ ఉంది, దానికి బోర్డే లేదు. పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు ముత్తైదువులు నలుగు పెట్టేవాళ్ళు. సున్నిపిండి, పసుపు, కుంకుడుకాయలు, గోరింటాకు అన్నీ ఇంట్లోవో పెరట్లోవో. పురుడు పోయడం, పసిబిడ్డకి నూనె రాసి నీళ్ళు పోయడం లాంటి పనులు చాలా ఊళ్ళలో మంగలి కుటుంబాల ఆడవాళ్ళు చేసేవాళ్ళు. వాళ్ళకి రోజుకూలి ఉండేది కాదు. పంట ఇంటికొచ్చినప్పుడు మేర కింద గింజలు కొలిచేవాళ్ళు. అందులో అన్యాయం ఉంది. కులం పేరుతో చేయించుకున్న పని, ఇచ్చినంత తీసుకోవాలి. కానీ వాళ్ళ దగ్గర ఒక విద్య ఉంది. ఒకే ఇంటికి తరతరాలుగా వెళ్ళడం వల్ల ఎవరి ఒంటికి ఏది పడుతుందో వాళ్ళకి తెలుసు.

డబ్బులు తీసుకుని చేసే వ్యాపారంలో ఆ తెలివిని మళ్ళీ కొత్తగా సంపాదించుకోవాలి. అట్లా సంపాదించుకున్న వాళ్ళలో బాగా చెప్పుకోవలసిన ఇద్దరు అమెరికాలో ఉన్నారు. ఇద్దరూ నల్లజాతి ఆడవాళ్ళే.

ఆనీ, సారా

సారా బ్రీడ్‌లవ్ 1867 డిసెంబర్ 23న లూసియానా రాష్ట్రంలో డెల్టా అనే ఊళ్ళో పుట్టింది. తల్లిదండ్రులు పత్తిచేలల్లో బానిసలుగా పనిచేసినవాళ్ళు. ఏడేళ్ళకే ఇద్దరూ పోయారు. పద్నాలుగేళ్ళకి పెళ్ళి, 1885లో కూతురు, ఇరవై ఏళ్ళకి భర్త పోయాడు. బిడ్డని తీసుకుని సెయింట్ లూయిస్ పట్నం వెళ్ళింది. అక్కడ ఆమె అన్నలు క్షౌరం పని చేసేవాళ్ళు. సారా మాత్రం బట్టలుతికింది. రోజంతా ఉతికినా ఒకటిన్నర డాలరు రావడం గగనం. పదిహేనేళ్ళ పైన అదే పని.

ఆమెకి జుట్టు ఊడిపోవడం మొదలైంది. అప్పట్లో చాలామంది పేద ఆడవాళ్ళకి అదే బాధ. ఇళ్ళలో కుళాయిలు లేవు, తల కడుక్కోవడం ఎప్పుడో ఒకసారి, సబ్బులు గాఢమైనవి. మాడు మీద పుళ్ళు, చుండ్రు. ఊళ్ళో ఉన్న ఖరీదైన పార్లర్లు, పెద్ద కంపెనీలు వీళ్ళ జుట్టు గురించి పట్టించుకోలేదు.

అదే సెయింట్ లూయిస్‌కి 1902లో ఆనీ టర్న్‌బో వచ్చింది. తర్వాత ఆనీ మలోన్ అని పేరుపడింది ఈమెకే. జుట్టుకి తానే ఒక మందు తయారుచేసింది. కొట్లలో పెట్టి అమ్మే దారి నల్లజాతి ఆడమనిషికి లేదు. అందుకని తనూ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళూ ఇంటింటికీ వెళ్ళి, డబ్బులు అడక్కుండా తల కడిగి, మందు రాసి చూపించారు. చూసినవాళ్ళు కొన్నారు. సారా కూడా ఆనీ దగ్గర సరుకు తీసుకుని అమ్మే ఏజెంటుగా చేరింది. ఈనాడు మనం డెమో అనేది ఆనీ ఆనాడే చేసి చూపించింది. సీసా చూపించి కొనమని అడగలేదు, ముందు పని చేసి చూపించింది.

పేరు, మొహం, గౌరవం

సారా 1905లో డెన్వర్ అనే పట్నానికి మారింది. అప్పుడు చేతిలో చాలా కొద్ది డబ్బే ఉంది. వంటపని చేస్తూ సొంతంగా మందు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టింది. 1906లో చార్లెస్ జోసెఫ్ వాకర్‌ని పెళ్ళి చేసుకుని, తన వ్యాపారానికి మేడమ్ సి. జె. వాకర్ అని పేరు పెట్టుకుంది. ఆ రోజుల్లో తెల్లవాళ్ళు నల్లజాతి ఆడవాళ్ళని, ఎంత పెద్ద వయసైనా, ఉత్త పేరు పెట్టే పిలిచేవాళ్ళు. డబ్బా మీద మేడమ్ అని రాసి ఉంటే ఎవరైనా మేడమ్ అనే అడగాలి కదా. బోర్డు మీద పేరు రాసుకోవడానికి సిగ్గుపడే మన సభ్యులు ఇది గుర్తుపెట్టుకోవాలి.

డబ్బా మీద, పత్రికల్లో ప్రకటన మీద తన ఫోటోనే వేసింది. మందు వాడకముందు తన జుట్టు ఎట్లా ఉందో, వాడాక ఎట్లా అయిందో పక్కపక్కన పెట్టింది. వేరేవాళ్ళ అందమైన బొమ్మ పెట్టలేదు. ఆ మొహం పనిమనుషులకి, ఉతికేవాళ్ళకి తమ మొహంలానే కనపడింది.

1907 నుంచి దక్షిణ రాష్ట్రాలు తిరిగింది. చర్చిల్లో, సంఘాల హాళ్ళలో ఆడవాళ్ళని కూర్చోబెట్టి చేసి చూపించింది. తపాలాలో వచ్చే ఆర్డర్లు కూతురు లీలియా చూసుకుంది. ఇక్కడ మనం పట్టుకోవలసిన విషయం ఒకటుంది. వాకర్ అమ్మింది ఒక్క మందు కాదు, ఒక పద్ధతి. ముందు తల శుభ్రంగా కడగాలి, మాడుకి మందు పట్టించాలి, తర్వాత దువ్వాలి, మళ్ళీ ఎప్పుడు కడగాలో చెప్పాలి. ఆ పద్ధతి నేర్పడానికి 1908లో పిట్స్‌బర్గ్‌లో కూతురి పేరుతో లీలియా కాలేజీ పెట్టింది. 1910లో రైలు మార్గాలన్నీ కలిసే ఇండియానాపొలిస్‌కి మారి ఫ్యాక్టరీ కట్టింది. ఏజెంట్లు తెల్ల చొక్కా, నల్ల పావడా వేసుకుని, చేతిలో నల్ల సంచితో వెళ్ళేవాళ్ళు. శుభ్రంగా కనపడడం కూడా పనిలో భాగమే. అట్లా తయారైన వాళ్ళు వేలమంది. ఇంకొకరి ఇంట్లో గిన్నెలు తోమేకన్నా, బట్టలుతికేకన్నా ఈ పనిలో వాళ్ళకి ఎక్కువ డబ్బులు వచ్చాయి.

1912లో షికాగోలో నల్లజాతి వ్యాపారుల సభ జరిగింది. నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ ఆమెకి మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. చివరి రోజు ఆమె తన చోటనే లేచి నిలబడి మాట్లాడింది. పత్తిచేను నుంచి, బట్టల తొట్టి దగ్గర నుంచి వచ్చానని, సొంత స్థలంలో సొంత ఫ్యాక్టరీ కట్టానని చెప్పింది. మరుసటి ఏడు వాళ్ళే పిలిచి వేదిక మీద మాట్లాడించారు.

సంఘం కట్టిన ఏజెంట్లు

ఇది మన సమాఖ్యకి అన్నిటికన్నా దగ్గర విషయం. వాకర్ ఏజెంట్లు ఊరూరా సంఘాలుగా ఏర్పడ్డారు. నెల చందా కట్టుకున్నారు. సభ్యురాలు చనిపోతే కుటుంబానికి సాయం చేశారు. 1917లో ఫిలడెల్ఫియాలో రెండు వందల మందికి పైగా కలిసి మహాసభ పెట్టుకున్నారు. ఎక్కువ అమ్మినవాళ్ళకే కాదు, తమ ఊళ్ళో ఎక్కువ దానం చేసిన సంఘాలకీ బహుమతులు ఇచ్చారు. ఆ ఏడాదే ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో మూకలు నల్లజాతి వాళ్ళని చంపాయి. ఆ సభ నుంచే అధ్యక్షుడు విల్సన్‌కి టెలిగ్రాం పంపారు.

మన దగ్గరా ఇట్లాంటిదే జరిగింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళే సారా మీద తిరగబడ్డారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. నాబార్డు 1992లో సంఘాలకి బ్యాంకు లింకేజీ మొదలుపెట్టింది. పొదుపు కోసమో, చదువు కోసమో ఆడవాళ్ళు ఒకచోట కూర్చుంటే మాట అక్కడితో ఆగదు.

ఏం అమ్మకూడదు

వాకర్ నల్లజాతి జుట్టుని తెల్లవాళ్ళ జుట్టులా సాగదీస్తోందని అప్పుడే విమర్శలు వచ్చాయి. తన పని జుట్టుని ఆరోగ్యంగా ఉంచడమేనని ఆమె చెప్పింది. ఆ వాదన ఇంకా తెగలేదు. కానీ ఒంటి రంగు తెల్లబరిచే క్రీము మాత్రం ఆమె బతికున్నంత కాలం అమ్మలేదు. 1919 మే 25న ఆమె చనిపోయాకే కంపెనీ అట్లాంటి సరుకు తెచ్చింది.

మనకి ఇది చాలా అవసరమైన పాఠం. పెళ్ళి కుదరాలి, వారంలో తెల్లబడాలి అని తల్లులు ఆడపిల్లల్ని తీసుకొస్తారు. సంతలో, కొట్లో పేరూ ఊరూ లేని డబ్బాలు దొరుకుతాయి. వాటిల్లో పాదరసం ఉంటే కిడ్నీలు పాడవుతాయి. స్టెరాయిడ్ ఉంటే ముందు మెరుస్తుంది, తర్వాత చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, మొహం మీద వెంట్రుకలు వస్తాయి. ఆ పిల్ల మళ్ళీ మన గుమ్మం ఎక్కదు, వాళ్ళ వీధి కూడా ఎక్కదు. కాదని చెప్పినందుకు ఆరోజు పోయే డబ్బులు తక్కువ.

ఆనీ మలోన్ కథలో ఇంకో పాఠం ఉంది. నకిలీలు వస్తున్నాయని 1906లోనే తన సరుకుకి పోరో అని పేరు రిజిస్టర్ చేయించింది. 1918లో సెయింట్ లూయిస్‌లో పెద్ద భవనం కట్టి పోరో కాలేజీ పెట్టింది. చివరికి విడాకులు, కోర్టు గొడవలు, పన్ను బకాయిల వల్ల వ్యాపారం చేజారింది. వాకర్ మాత్రం లెక్కలు, చట్టం చూడడానికి ఎఫ్. బి. రాన్సమ్ అనే లాయర్ని పెట్టుకుంది. పనితనం ఎంత ఉన్నా లెక్కల పుస్తకం లేకపోతే నిలబడదని బుక్ కీపర్ల మాట వినే మనకి వేరే చెప్పక్కర్లేదు.

మన దేశంలో 1971లో షహనాజ్ హుస్సేన్ ఢిల్లీలో తన ఇంటి వరండాలోనే, తండ్రి దగ్గర అప్పు తీసుకుని మొదలుపెట్టారు. ప్రకటనల మీద కాకుండా ఒకరి నోట ఒకరికి పాకే మాట మీద నడిపారు. ఇళ్ళలో ఉండే ఆడవాళ్ళకి పని నేర్పి వాళ్ళ ఇళ్ళలోనే సెలూన్లు పెట్టించారు. దేశం వేరు, కాలం వేరు, దారి మాత్రం అదే.

మన సమాఖ్య ముందు పెడుతున్న మాట

ఈ చరిత్ర నుంచి నాలుగు పనులు మన పార్లర్ సభ్యులకి సరిపోతాయని అనుకుంటున్నాను.

మొదటిది, కస్టమర్ల పుస్తకం. మన తీర్మానాల పుస్తకంలాగే. పేరు, తేదీ, ఏం చేశాం, ఏది పడలేదు, మళ్ళీ ఎప్పుడు రావాలి. పాత రోజుల్లో నీళ్ళు పోసే ఆవిడకి మనసులో ఉన్న లెక్క ఇప్పుడు కాగితం మీద ఉండాలి. వెళ్ళేటప్పుడు ఇంట్లో ఏం చేసుకోవాలో చెప్పి పంపాలి. తేదీ దగ్గరికొచ్చినప్పుడు వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ చాలు. అడక్కుండా వాళ్ళ ఫోటో స్టేటస్‌లో పెట్టకూడదు.

రెండోది, భద్రత. హెయిర్ డై వేసే ముందు రోజే చెవి వెనక కొంచెం రాసి చూడాలి. తువ్వాలు ఉతికింది, బ్లేడు కొత్తది. సొంతంగా క్రీములు చేసి అమ్మాలనుకుంటే ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు తీసుకోవాలి.

మూడోది, రేటు. రేట్లు గోడ మీద రాసి పెడితే బేరాలు, అరువులు తగ్గుతాయి. ఒకే వీధిలో ఇద్దరు సభ్యులు పోటీ పడి రేటు తగ్గించుకుంటే ఇద్దరి కిస్తీలూ ఆగుతాయి. వాకర్ ఏజెంట్లు సంఘం కట్టింది ఇందుకే పనికొస్తుంది. గ్రామ సంఘంలో కూర్చుని ఒక రేటు అనుకోవచ్చు, సరుకు కలిసి కొనుక్కోవచ్చు, పెళ్ళి ఆర్డరు పెద్దదైతే కలిసి చేసుకోవచ్చు.

నాలుగోది, నేర్పడం. పని బాగా వచ్చిన అక్క కొత్తవాళ్ళకి నేర్పాలి. పోటీ పెరుగుతుందని భయం ఉంటుంది. కానీ ఆనీ నేర్పబట్టే సారా వచ్చింది, సారా నేర్పబట్టే వేలమంది వచ్చారు.

వచ్చే నివేదికలో లోన్ల పట్టిక పక్కన ఇంకో గడి పెట్టమని కోరుతున్నాను. ఎంత లోను ఇచ్చాం, ఎంత వసూలైంది అన్నదాంతో పాటు, ఏడాది తర్వాత ఆ పని నడుస్తోందా లేదా అని అందులో రాద్దాం. నడవకపోతే ఎందుకు నడవలేదో గ్రామ సంఘంలోనే మాట్లాడుకుందాం.