సంబళం నాటి అంగడి

ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లో అంగడి పెట్టినవారి లెక్క మీకు తెలిసిందే. రాగులు ఇంటికొచ్చాక, మామిడి కాపు అమ్ముడయ్యాక రైతు పాత బాకీ తీరుస్తాడు. వాన ముఖం చాటేస్తే అంగడివాడూ ఓర్చుకోవాలి. అదే జిల్లాలోని బంగారు గనుల ఊళ్ళో మాత్రం ఈ లెక్క చెల్లలేదు.

1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ పని చేపట్టింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు వైపు నుంచి తెలుగువారు, తమిళులు కూలికి వచ్చి లైను ఇళ్ళలో కాపురం పెట్టారు. వాళ్ళకు పొలం లేదు, సంబళం ఉంది. అందుకే అంగడివాడు మబ్బును కాక సంబళం తేదీని చూసేవాడు. ఆ రోజు పద్దు తీరేది, బియ్యం మూటగా పోయేది. రోజులు గడిచేకొద్దీ కొలత చిన్నదయ్యేది. చివరికి నూనె పావుల్లోకి దిగేది.

బేరంలో ఆరితేరినవాడు సరుకుకన్నా మనిషిని చూస్తాడు. బాకీ పెరిగిన ఇంటి నుంచి పెద్దవాళ్ళు రారు, చేతిలో సీసా పెట్టి పిల్లను పంపుతారు. చేతిలో నగదు ఉన్న రోజు పక్క వీధి అంగడికి పోతారు. ఇలాంటివాణ్ణి మోసగాడంటాం. నా మటుకు నాకు, వాడు మన ఎదుట నిలబడలేక సిగ్గుపడుతున్నవాడు. గట్టిగా అడిగితే బాకీతోపాటు ఆ ఇల్లూ పోతుంది. పిల్ల చేతిలో ఓ బెల్లం ముక్క పెట్టి, అమ్మను ఒకసారి రమ్మన్నానని చెబితే తల్లి వస్తుంది.

ఈ అరువుకు హామీ ఏమిటి? గనిలో ఉద్యోగమే. కాని ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అంత లోతున బండలు ఒత్తిడికి ఒక్కసారిగా పగిలేవి. దిగినవాడు పైకి రాకపోతే పద్దులో పేరు మాత్రం మిగిలేది. అప్పుడు ఆ విధవరాలి గుమ్మంలోకి పుస్తకం పట్టుకుని పోవాలా, వద్దా? దీనికి ఏ వ్యాపార సూత్రమూ జవాబు చెప్పదు.

1956లో గనులు మైసూరు ప్రభుత్వం చేతికి వచ్చాయి, తర్వాత కేంద్రానికి వెళ్ళాయి. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆనాటితో అంగళ్ళకు సంబళం తేదీ పోయింది. పనికోసం జనం మారికుప్పంలో రైలెక్కి, బంగారుపేట మీదుగా బెంగుళూరుకు పోయి రాత్రికి తిరిగొస్తున్నారు. కూలి ఒకరికి ఏ పూటకాపూట, ఇంకొకరికి నెలకు. వాళ్ళకు అరువిచ్చేవాడు ఇప్పుడు ఒక్కో ఇంటి తేదీ విడిగా గుర్తుపెట్టుకోవాలి.