బీ టీములో ఒకడు తక్కువ

ఆ కుంపటి ఇటు జరుపు చిన్నోడా. సంక్రాంతి వెళ్ళేదాకా ఈ ఊళ్ళో చలి ఇంతే. నువ్వు దుప్పటి కప్పుకుని కూచో తల్లీ. నిన్న అటక మీంచి దించారే ఒక కర్ర, దాని ముచ్చట చెప్తాను.

అది మా నాన్న హాకీ కర్ర. పిడికి చుట్టింది సైకిలు ట్యూబు. ఎండి పెళుసెక్కింది గాని ఇప్పటికీ ఊడలేదు. కింద వంపు దగ్గర వేలితో తడిమి చూడు. ఒక వైపు చదును, రెండో వైపు గుండ్రం. బంతిని చదును వైపుతోనే కొట్టాలి. గుండ్రం వైపు తగిలిందంటే ఫౌలే.

మా నాన్న శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి బండెక్కి వచ్చి ఈ ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. అప్పుడు ఇది బీఎన్నార్, బెంగాల్ నాగపూర్ రైల్వే. వాల్తేరు నుంచి ఇక్కడికి ఒకటే లైను గదా, అందుకే గోల్‌బజార్‌లో ఏ కొట్టు ముందు నిలబడ్డా మన మాట వినపడేది. సాయంత్రం సైరన్ కూసిందంటే చేతుల నూనె తుడుచుకుని అందరూ గ్రౌండుకే. బీఎన్నార్ హాకీ అంటే మాటలు కాదురా. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ ఫైనల్లో జర్మనీని 8-1 గోల్స్‌తో ఓడించిన జట్టులో టాప్సెల్, గాలిబార్డీ ఇద్దరూ మన రైల్వే మనుషులు. అంతకు ముందు 1932లో లాస్ ఏంజెలెస్ నుంచి బంగారు పతకంతో వచ్చిన డిక్కీ కార్ కూడా మన రైల్వేకే ఆడేవాడు.

ఆ డిక్కీ కారే అసలు కథ మొదలెట్టింది.

1946. కలకత్తాలో బైటన్ కప్పు దగ్గర పడింది. 1895 నుంచి ఆడుతున్న కప్పు అది, దాన్ని గెలవాలని ఎవరికుండదు! దానికి ముందు ఇక్కడ మన ఏ టీముకీ బీ టీముకీ ప్రాక్టీసు మ్యాచి పెట్టారు. బీ టీములో ఒకడు తక్కువయ్యాడు. పక్కన నిలబడి ఆట చూస్తున్న పంతొమ్మిదేళ్ళ ఆంగ్లో ఇండియన్ కుర్రాణ్ణి పిలిచి, ఆడమని దింపేశాడు డిక్కీ కార్. ఆ కుర్రాడి పేరు లెస్లీ క్లాడియస్. పుట్టింది బిలాస్‌పూర్‌లో, అదీ బీఎన్నార్ ఊరే. అప్పటికి అతను ఆడేది ఫుట్‌బాల్.

రెండేళ్ళు గడిచాయి. 1948 ఆగస్టు 12న లండన్ వెంబ్లీలో, స్వతంత్రం వచ్చి ఏడాదైనా నిండకుండానే, మనవాళ్ళు బ్రిటన్‌ని 4-0తో ఓడించారు. ఆ ఒలింపిక్ జట్టులో ఈ కుర్రాడున్నాడు. నాకప్పుడు మూడేళ్ళు. మా నాన్న గోల్‌బజార్‌లో జిలేబీలు కొని లైనులో ఇంటింటికీ పంచాడని మా అమ్మ చెప్పేది. జీతం రావడానికి ఇంకా బోలెడు రోజులున్నాయట!

క్లాడియస్ ఆడింది రైట్ హాఫ్. గోలు కొట్టినవాడి పేరు పేపర్లో పడుతుంది, రైట్ హాఫ్ పేరు ఎవడు రాస్తాడు? అవతలి వింగర్ దూసుకొస్తుంటే ముందే కనిపెట్టి, దారికి అడ్డం పడి, బంతి లాక్కుని, మనవాడికి అందించాలి. అంతే వాడి పని. మనిషి పొట్టి. మా నాన్న అనేవాడు, అతను బంతి వెనకాల పరిగెత్తడురా, బంతి ఎక్కడికొస్తుందో అక్కడికి ముందే వెళ్ళి నిలబడతాడు అని. నాకు ఆట నేర్పినప్పుడూ అదే చెప్పాడు. మాకు కొన్న బంతులెక్కడివి? వర్క్‌షాపులో చేతులు తుడుచుకునే నూలు పోగులు ఉండచుట్టి, పురికొస బిగించి కట్టేవాళ్ళం. వాన పడితే అది నీళ్ళు పీల్చి రాయైపోయేది.

1952లో హెల్సింకి, 1956లో మెల్బోర్న్, రెండుచోట్లా బంగారమే. 1960లో రోమ్‌కి అతనే కెప్టెన్. 1928 నుంచి అప్పటిదాకా ఒలింపిక్ హాకీలో మనవాళ్ళు ఒక్క మ్యాచీ ఓడలేదు. ఫైనల్లో పాకిస్తాన్ ఒకే ఒక్క గోలుతో గెలిచింది. ఒక కొట్టు ముందు రేడియో చుట్టూ మూగి వార్తలు విన్నాం. ఎవరూ ఏమీ అనకుండా ఒక్కొక్కరే జారుకున్నారు. మా నాన్న ఇంటికొచ్చి, కంచం ముందు కూచుని, అన్నం కలిపి, చేయి కడుక్కుని లేచిపోయాడు. మూడు బంగారాలు, ఒక వెండి. మన దేశపు హాకీలో అన్ని ఒలింపిక్ పతకాలున్నవాళ్ళు అతనూ ఉధమ్ సింగూ ఇద్దరే. అయినా ఆ వెండి గుర్తొస్తే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది.

క్లాడియస్ తర్వాత కలకత్తా కస్టమ్స్‌లో ఉద్యోగం చేశాడు. 1971లో పద్మశ్రీ ఇచ్చారు. కొడుకు రాబర్ట్ తండ్రి ఆటే పట్టాడు. ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్ 1975 ప్రపంచ కప్పు ఫైనల్లో పాకిస్తాన్ మీద గెలుపు గోలు కొట్టాడు గదా, ఇదీ అలాంటి ఇల్లే అనుకున్నాం. 1978లో బ్యూనస్ ఎయిర్స్ ప్రపంచ కప్పుకి రాబర్ట్ దేశం తరఫున ఆడాడు. మా నాన్న రిటైరై ఇంట్లో ఉన్నాడు, సొంత మనవడు ఆడినంత సంబరపడ్డాడు. ఆ పిల్లవాడు ప్రమాదంలో పోయాడు. చిన్న వయసు.

2012లో లండన్‌లో మళ్ళీ ఒలింపిక్స్ జరిగినప్పుడు అక్కడి భూగర్భ రైలు పటంలో స్టేషన్లకి ఆటగాళ్ళ పేర్లు రాశారు. బుషీ అనే స్టేషనుకి క్లాడియస్ పేరు పెట్టారు. బీఎన్నార్ గ్రౌండులో కర్ర పట్టినవాడి పేరు రైలు స్టేషనుకి! మా నాన్న ఉంటే మళ్ళీ జిలేబీలు పంచేవాడు. ఆ ఏడాదే డిసెంబరు 20న కలకత్తాలో క్లాడియస్ వెళ్ళిపోయాడు.

రాబర్ట్ పోయిన కబురు తెలిసిన రోజు మా నాన్న ఈ కర్రకి అవిసె నూనె రాసి, గుడ్డ చుట్టి, అటక ఎక్కించాడు. మళ్ళీ దింపలేదు. ఆయన పోయాక నేనూ దింపలేదు. నిన్న మీరు దించారు. చెక్క బాగా ఎండిపోయింది, చూశావా, ఇక్కడ బీట పడుతోంది. ఆ నూనె సీసా ఇటు ఇయ్యి తల్లీ, కుంపటి దగ్గర కాస్త వెచ్చబెడదాం. చిన్నోడా, నువ్వు కర్ర గట్టిగా పట్టుకో.